కుర్చీలోంచి తానే లేవగలగాలి
జీవితాంతం కండబలం కాపాడుకోవడం గురించి ఇంటిల్లిపాదికీ ఒక పాఠం

ఆపరేషను బాగా జరిగింది. కుట్లు విప్పారు. జ్వరం లేదు. "రేపు ఇంటికి తీసుకువెళ్లవచ్చు" అని డాక్టరుగారు చెప్పారు. మీ మనసు కుదుటపడింది. కాని నాన్నగారిని మంచం మీద నుండి దింపబోతే ఆయన కాళ్లు నిలవలేదు. ఇద్దరు చెరో పక్క పట్టుకుంటే తప్ప బాత్రూము దాకా వెళ్లలేకపోయారు. ఆసుపత్రిలో చేరిన రోజున తన కాళ్ల మీద నడిచి వచ్చిన మనిషి ఆయన!

"జబ్బు తగ్గింది గదా, మరి ఈ నీరసం ఎందుకు?" అని చాలామంది బంధువులు అడుగుతారు. కొందరు ఒక సెలైను బాటిల్ పెట్టించమంటారు. మరికొందరు బలానికి టానిక్కు రాయమంటారు. ఈ నీరసానికి సెలైను మందు కాదు. పడుకుని ఉన్న రోజుల్లో ఆయన కండ కరిగిపోయింది. దానిని తిరిగి తెచ్చేవి రెండే: కండకు పని, కండకు తగిన తిండి. ఈ రెండూ ఇంట్లో మీ చేతుల్లో ఉన్నవే. అందుకే ఈ పాఠం రోగికంటే ముందు మీరు చదవాలి.

కండ చేసే పనులు ఏమిటి?

మన ఒంట్లో ఆరు వందలకు పైగా కండరాలు ఉన్నాయి. నడవడం, లేవడం, బరువులు మోయడం వాటి పని అని అందరికీ తెలుసు. అవి చేసే మరి మూడు పనులు చాలామందికి తెలియవు.

1. మనం తిన్న అన్నం నుండి వచ్చే చక్కెరలో ఎక్కువ భాగాన్ని కండలే తీసుకుని వాడుకుంటాయి. కండ తగ్గితే షుగరు వ్యాధిని అదుపులో ఉంచడం కష్టమవుతుంది.

2. జబ్బు చేసినప్పుడు, గాయం మానవలసినప్పుడు ఒంటికి మాంసకృత్తులు ఎక్కువగా కావాలి. తిండి సరిగా వెళ్లకపోతే శరీరం తన కండనే కరిగించి వాటిని తీసుకుంటుంది. అంటే కండ మన ఆపద్ధనం.

3. కాలు జారినప్పుడు పడిపోకుండా నిలదొక్కుకునేది తొడ, పిక్క కండల బలంతోనే. పెద్దవారిలో తుంటి ఎముక విరగడానికి ముఖ్య కారణం పడిపోవడమే.

ముప్పై ఏళ్లు దాటాక ప్రతి పదేళ్లకు కండ సుమారు 3 నుండి 8 శాతం తగ్గుతూ వస్తుంది. అరవై దాటాక ఈ తరుగుదల ఇంకా ఎక్కువవుతుంది. వయసుతో వచ్చే ఈ కండలేమికి 1980ల చివర ఇర్విన్ రోజెన్‌బర్గ్ అనే అమెరికా పోషకాహార శాస్త్రవేత్త 'సార్కోపీనియా' అని పేరు పెట్టారు. ఇది నొప్పి లేకుండా వస్తుంది. బరువు తూచినా కొన్నిసార్లు తెలియదు, ఎందుకంటే పోయిన కండ స్థానంలో కొవ్వు చేరుతుంది. మెట్లెక్కేటప్పుడు రెయిలింగు పట్టుకోవడం, కుర్చీలోంచి లేచేటప్పుడు చేతులు ఆనించడం మొదలైతే ఇది మొదలైందని అనుమానించాలి.

మంచం చేసే నష్టం

వయసు ఏళ్ల తరబడి చేసే నష్టాన్ని మంచం కొద్ది రోజుల్లోనే చేస్తుంది. 2007లో అమెరికాలో ఒక పరిశోధన చేశారు. ఏ జబ్బూ లేని 12 మంది పెద్దవారిని, సగటు వయసు 67 ఏళ్లు, పది రోజుల పాటు మంచం మీదే ఉంచారు. పది రోజుల్లో వారి కాళ్ల నుండే సుమారు ఒక కిలో కండ పోయింది. మోకాలును చాచే బలం 16 శాతం తగ్గింది. వారు ఆరోగ్యవంతులు. తిండి కూడా లెక్క ప్రకారం పెట్టారు. ఇక జ్వరంతోనో, ఆపరేషనుతోనో, సరిగా తినలేక మంచంలో ఉన్నవారి సంగతి ఆలోచించండి.

ఇక్కడే మనం ప్రేమతో ఒక పొరపాటు చేస్తాం. "మీరు లేవకండి, మేమున్నాం గదా" అంటాం. మంచినీళ్ల గ్లాసు కూడా చేతికి అందిస్తాం. ఇంటికి వెళ్లాక మరో నెల పూర్తి విశ్రాంతి అని మనమే నిర్ణయిస్తాం. డాక్టరు కదలవద్దని చెప్పిన రోగికి విశ్రాంతి అవసరమే. చెప్పని రోగికి అనవసరమైన విశ్రాంతి హాని చేస్తుంది. కాబట్టి డిశ్చార్జి రోజున తప్పకుండా ఈ ప్రశ్న అడగండి: "ఈయన ఎంతవరకు నడవవచ్చు? ఏ పనులు తానే చేసుకోవచ్చు?" జవాబును మందుల చీటీ మీదే రాయించుకోండి.

వయసు మీరిపోయింది, ఇప్పుడేం ఉపయోగం?

ఈ మాట తరచుగా వినిపిస్తుంది. దీనికి జవాబు 1990లో బోస్టన్ నగరంలోని ఒక వృద్ధుల ఆశ్రమంలో దొరికింది. డాక్టర్ మరియా ఫియటరోన్, ఆమె సహచరులు 86 నుండి 96 ఏళ్ల వయసున్న పదిమంది చేత ఎనిమిది వారాల పాటు కాళ్లతో బరువులెత్తే వ్యాయామం చేయించారు. వారి కాలి బలం సగటున 174 శాతం పెరిగింది. అంటే ముందున్న బలానికి రెండున్నర రెట్లకు పైగా అయింది. ఇద్దరు చేతికర్ర లేకుండా నడిచారు. అయితే వ్యాయామం మానేసిన నాలుగు వారాలకే వచ్చిన బలంలో చాలా భాగం పోయింది. కాబట్టి ఇది ఒక కోర్సు మందులా వాడి మానేసేది కాదు. అన్నం తిన్నట్టుగా జీవితాంతం చేసుకోవలసినది.

అదే బృందం 1994లో వంద మంది మీద మరో పరిశోధన ఫలితం ప్రకటించింది. వారి సగటు వయసు 87 ఏళ్లు. కొందరికి వ్యాయామం, కొందరికి బలవర్ధక పానీయం, కొందరికి రెండూ ఇచ్చారు. కొందరికి ఏదీ ఇవ్వలేదు. వ్యాయామం చేసినవారి బలం పది వారాల్లో రెట్టింపు దాటింది. వ్యాయామం లేకుండా బలవర్ధక పానీయం మాత్రమే తాగినవారిలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. వందల రూపాయలు పెట్టి డబ్బా పొడి కొనేముందు ఈ సంగతి గుర్తు చేసుకోండి.

ఇంట్లోనే చేసుకునే పరీక్ష

చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి పెట్టండి. జారే ప్లాస్టిక్ కుర్చీ వద్దు. పెద్దవారిని కూర్చోబెట్టి, చేతులు ఛాతీ మీద కట్టుకోమనండి. 30 సెకండ్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. మీరు పక్కనే నిలబడాలి.

65 నుండి 69 ఏళ్ల మగవారు 12 కంటే, ఆడవారు 11 కంటే తక్కువ చేస్తే కాలి బలం తగ్గినట్టు. 70 నుండి 74 ఏళ్ల వారికి ఈ లెక్క మగవారికి 12, ఆడవారికి 10. 80 నుండి 84 ఏళ్ల వారికి మగవారికి 10, ఆడవారికి 9. చేతులు ఆనించకుండా ఒక్కసారి కూడా లేవలేకపోతే లెక్క సున్నా. కంగారు పడవద్దు. ఆ సంఖ్యను తేదీతో క్యాలెండరు మీద రాయండి. నెల తరువాత మళ్లీ పరీక్షించి పోల్చుకోండి.

వ్యాయామం ఎలా?

బరువులెత్తడం అనగానే మనకు కరణం మల్లీశ్వరి గుర్తుకు వస్తారు. శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు ఎత్తులూ కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చారు. ఆమె కండకు, మీ అమ్మగారి కండకు సూత్రం ఒకటే: అలవాటైన దానికంటే కొంచెం ఎక్కువ పని ఇస్తే కండ గట్టిపడుతుంది. అమ్మగారు కుర్చీలోంచి లేస్తే తన ఒంటి బరువును తానే ఎత్తినట్టు. ఆమెకు ఇప్పటికి ఆ బరువు చాలు.

1. మంచం మీద ఉన్నవారికి: పాదాలను పైకీ కిందికీ ఆడించాలి. మోకాలును పరుపుకేసి అదిమి, ఐదు లెక్కపెట్టి వదలాలి. మెలకువగా ఉన్నంతసేపు గంటకొకసారి చేయవచ్చు.

2. లేవడం, కూర్చోవడం: పైన చెప్పిన కుర్చీలోనే. మొదట చేతుల సాయంతో, తరువాత సాయం లేకుండా. కూర్చునేటప్పుడు ధబాలున పడకుండా మూడు లెక్కపెడుతూ నెమ్మదిగా కూర్చోవాలి.

3. మడమలు ఎత్తడం: వంటింటి గట్టునో కిటికీ చువ్వనో పట్టుకుని మునివేళ్ల మీద లేచి దిగాలి. పిక్కలకు బలం వస్తుంది.

4. గోడను నెట్టడం: గోడకు మూరెడు దూరంలో నిలబడి, అరచేతులు ఆనించి, మోచేతులు వంచుతూ ముందుకు వాలి మళ్లీ వెనక్కి రావాలి. భుజాలకు, ఛాతీకి మంచిది.

5. నీళ్ల సీసా ఎత్తడం: అర లీటరు సీసాతో మొదలుపెట్టండి. లీటరు నీళ్లు ఒక కిలో బరువు. వేరే డంబెల్ అక్కరలేదు.

6. ఒంటికాలి మీద నిలబడడం: గట్టు పట్టుకుని పది సెకండ్లు. పడిపోకుండా నిలదొక్కుకునే శక్తి దీనివల్ల వస్తుంది.

ఒక్కొక్కటి 8 నుండి 12 సార్లు చేసి, కాసేపు ఆగి, మళ్లీ ఒకసారి చేయాలి. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు చేస్తే చాలు. మధ్య రోజున కండ తనను తాను బాగుచేసుకుంటుంది. చివరి రెండుసార్లు కొంచెం కష్టంగా అనిపించాలి. 12 సార్లు సులువుగా అయిపోతున్నాయంటే బరువో లెక్కో పెంచవలసిన సమయం వచ్చిందన్నమాట. ఊపిరి బిగబట్టకూడదు. లేచేటప్పుడు ఊపిరి వదలాలి. పైకి లెక్కపెడుతూ చేస్తే ఊపిరి దానంతట అదే ఆడుతుంది.

నడక సంగతేమిటని అడుగుతారు. నడక గుండెకు, ఊపిరితిత్తులకు, షుగరుకు ఎంతో మంచిది. దానిని మానవద్దు. కాని నడక ఒక్కటే కండను పెంచలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దలు వారానికి 150 నిమిషాలకు తగ్గకుండా చురుకైన నడకవంటి శ్రమ చేయాలి. దానికి తోడు కనీసం రెండు రోజులు కండబలానికి వ్యాయామం చేయాలి. 65 దాటినవారు పడిపోకుండా బలానికి, నిలకడకు కలిపి మూడు రోజులు చేయాలి.

కండకు తిండి

కండ పెరగడానికి మాంసకృత్తులు, అంటే ప్రొటీన్లు కావాలి. పేరులో మాంసం ఉంది గదా అని మాంసంలోనే ఉంటాయనుకోకండి. పప్పుల్లో, పాలలో, గింజల్లో కూడా ఉంటాయి.

ఎంత కావాలి? 2020లో మన దేశపు వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి ఇచ్చిన లెక్క ప్రకారం కిలో ఒంటి బరువుకు రోజుకు 0.83 గ్రాములు. 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. పెద్దవారికి ఇంకొంచెం ఎక్కువ, కిలోకు 1 నుండి 1.2 గ్రాములు మంచిదని అంతర్జాతీయ నిపుణులు 2013లో సూచించారు. అంటే 60 కిలోల పెద్దాయనకు 60 నుండి 72 గ్రాములు.

ఇప్పుడు మన ఇళ్లలో ఒక రోజు భోజనం చూద్దాం. పొద్దున మూడు ఇడ్లీలు, కొబ్బరి చట్నీ. మధ్యాహ్నం అన్నం, కూర, చారు, మజ్జిగ. సాయంత్రం టీ, రెండు బిస్కెట్లు. రాత్రి అన్నం, పచ్చడి, పెరుగు. కడుపు నిండుతుంది. కాని మాంసకృత్తులు లెక్కవేస్తే సుమారు 30 గ్రాములే! కావలసిన దానిలో సగం. మిగిలిన సగం ఎక్కడి నుండి తేవాలో కింద చూడండి. ఇవి సుమారు లెక్కలు.

కోడిగుడ్డు ఒకటి: 6 గ్రాములు
పాలు ఒక గ్లాసు, 200 మి.లీ.: 6 గ్రాములు
పెరుగు ఒక కప్పు, 150 గ్రాములు: 5 గ్రాములు
గట్టి పప్పు ఒక కప్పు, 30 గ్రాముల కందిపప్పుతో: 7 గ్రాములు
పెసరట్లు రెండు, 60 గ్రాముల పెసలతో: 14 గ్రాములు
వేరుశెనగ గుళ్లు గుప్పెడు, 30 గ్రాములు: 7 గ్రాములు
మీల్‌మేకర్ 25 గ్రాములు: 13 గ్రాములు
చేప లేక ఎముక లేని కోడిమాంసం, 100 గ్రాములు: 18 నుండి 20 గ్రాములు

పై భోజనానికి పొద్దున ఒక గుడ్డు, మధ్యాహ్నం ఒక కప్పు ముద్దపప్పు, సాయంత్రం బిస్కెట్ల బదులు ఉడికించిన గుప్పెడు పల్లీలు, రాత్రి ఒక గ్లాసు పాలు కలపండి. మొత్తం 55 గ్రాములు దాటుతుంది. గుడ్డు తినేవారు రెండు తింటే 60 దాటుతుంది. తిననివారు ఇడ్లీ బదులు పెసరట్టు వేసుకుంటే సరిపోతుంది. అంతా ఒకే పూట కాకుండా మూడు పూటలా సమంగా పంచి పెట్టండి. పళ్లు లేనివారికి పల్లీలను పొడి చేసి, గుడ్డును మెత్తగా చిదిమి, పప్పును జారుగా చేసి పెట్టవచ్చు. కొద్దిగానే తినేవారికి మొదట పప్పన్నం పెట్టి, తరువాత చారు పోయండి. చారుతో కడుపు నిండిపోతే పప్పుకు చోటుండదు.

బియ్యంలో లోపించే ఒక ముఖ్యమైన అంశం, లైసీన్, పప్పుల్లో దండిగా ఉంటుంది. పప్పుల్లో తక్కువైనది బియ్యంలో ఉంటుంది. అందుకే పప్పన్నం, పులగం, పొంగలి వంటివి పేదవాడికీ అందే మంచి కలయికలు.

పథ్యం గురించి

"పప్పు తింటే కుట్లు చీము పడతాయి", "గుడ్డు వేడి చేస్తుంది" అని ఊరి నుండి వచ్చిన చుట్టాలు చెబుతారు. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, పప్పు వల్ల కాదు. గాయం పూడడానికి కావలసినవే పప్పు, గుడ్డు, పాలు. వాటిని మాన్పించి బ్రెడ్డు, కొబ్బరినీళ్లు, జావతో నెల రోజులు నెట్టుకొస్తే గాయం ఆలస్యంగా మానుతుంది, కండ మరింత కరుగుతుంది. రాగిజావ మంచిదే, అందులో సున్నం ఎక్కువ. కాని ఒక గ్లాసు జావలో పట్టే 30 గ్రాముల రాగిపిండిలో మాంసకృత్తులు 2 గ్రాములే. జావను పాలతో కాచి ఇవ్వండి. డాక్టరు చెప్పిన పథ్యాన్ని మాత్రం తప్పక పాటించండి.

జాగ్రత్తలు

కిడ్నీ జబ్బు ఉన్నవారికి మాంసకృత్తులు ఎంత ఇవ్వాలో డాక్టరే చెప్పాలి. పై లెక్కలు వారికి వర్తించవు. ఈమధ్య గుండెపోటు వచ్చినవారు, ఎముక విరిగినవారు, తుంటి లేక మోకాలి ఆపరేషను అయినవారు, పొట్ట కోసిన ఆపరేషను అయినవారు, బి.పి. అదుపులో లేనివారు డాక్టరునో ఫిజియోథెరపిస్టునో అడిగి మొదలుపెట్టాలి. ఇన్సులిన్ లేక షుగరు మాత్రలు వాడేవారు ఖాళీ కడుపుతో చేయకూడదు. చెమటలు, వణుకు వస్తే వెంటనే చక్కెర తినిపించండి.

మంచం మీద నుండి లేచేముందు ఒకటి రెండు నిమిషాలు కాళ్లు వేలాడేసి కూర్చోవాలి. ఒక్కసారిగా లేస్తే బి.పి. పడిపోయి కళ్లు తిరగవచ్చు. ఛాతీలో నొప్పి, ఆయాసం, తల తిరగడం, కీలులో పదునైన నొప్పి వస్తే ఆపివేయండి. ఛాతీ నొప్పి తగ్గకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి. మర్నాడు కండలు కొంచెం సలిపితే భయపడనక్కరలేదు. రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది.

మరి మీ సంగతి?

రోగిని చూసుకోవడంలో మిమ్మల్ని మీరు మరచిపోతారు. వరండాలో నిద్ర, క్యాంటీను టీ, దొరికితే రెండు ఇడ్లీలు. రోగిని లేపేటప్పుడు నడుము పట్టేసిందని మీరే వచ్చి చూపించుకుంటారు. రోగిని చంకల కింద పట్టి లాగకండి. ఆయనను మంచం అంచుకు జరగమని, పాదాలు నేలకు ఆనించమని, ముందుకు వంగమని చెప్పండి. మీరు మోకాళ్లు వంచి, నడుము నిటారుగా ఉంచి, ఆయన లేస్తుంటే ఆసరా ఇవ్వండి. ఆయన చేయగలిగినంత ఆయనే చేయాలి.

మీకు ఇప్పుడు నలభయ్యో యాభయ్యో ఉండవచ్చు. మీ కండ కూడా తరుగుతూనే ఉంది. "రోజంతా ఇంటి పని, పొలం పని చేస్తూనే ఉన్నాం గదా" అంటారు. అది మంచిదే. కాని ఆ పని కొన్ని కండలకే అందుతుంది, రోజూ ఒకే తీరుగా ఉంటుంది. నాన్నగారి చేత కుర్చీలోంచి లేపించేటప్పుడు పక్కనే మీరూ ఒక కుర్చీ వేసుకోండి. పదిహేను నిమిషాలు పట్టే పని. ఆయనకు తోడు దొరుకుతుంది, మీకు రాబోయే రోజులకు బలం కూడుతుంది.

ఈ వారం చేయవలసినవి

1. కుర్చీ పరీక్ష చేసి సంఖ్యను క్యాలెండరు మీద రాయండి.
2. రోగి తానే చేసుకోగల ఒక పనిని, మొహం కడుక్కోవడమో, నీళ్లు తెచ్చుకోవడమో, తిరిగి ఆయనకే అప్పగించండి.
3. మూడు పూటలా కంచంలో పప్పు, గుడ్డు, పాలు, చేప, మాంసంలో ఏదో ఒకటి ఉందా అని చూడండి.
4. వారంలో మూడు రోజులు నిర్ణయించుకుని ఇద్దరూ కలిసి వ్యాయామం చేయండి. చేసిన రోజున క్యాలెండరులో గీత పెట్టండి.

మళ్లీ చూపించుకోవడానికి వచ్చేటప్పుడు ఆ క్యాలెండరు కాగితం కూడా తెచ్చి డాక్టరుగారికి చూపించండి. మొదటి రోజు రాసిన సంఖ్య సున్నా అయినా సిగ్గుపడవద్దు. సున్నా పక్కన నెల తరువాత రెండో మూడో రాయగలిగితే, నాన్నగారు రాత్రివేళ ఎవరినీ లేపకుండా తానే బాత్రూముకు వెళ్లే రోజు దగ్గర పడుతోందన్నమాట.